తడి తక్కువైన నేరం

స్కాట్లండ్ తూర్పు తీరంలో ఇన్వర్‌మకిల్ అని ఒక చిన్న పట్టణం ఉండేది. అయిదారు వందల ఏళ్ళ కిందటి మాట లెండి. ఆ ఊళ్ళో మంచినీళ్ళు పశువులు తాగేవి, మనుషులు ఏల్ తాగేవారు. ఏల్ అంటే మరేదో అనుకునేరు, బార్లీ గింజల్ని మొలకెత్తించి, ఎండబెట్టి, కాచి, పులియబెట్టిన కల్లు. దాన్ని కాచేది ఆడవాళ్ళు. తాగేది అందరూ. ధర కట్టేది మాత్రం పట్టణ సభ.

ధర కట్టడానికి ఒక పద్ధతి ఉంది. ఏల్ కాచినావిడ గుమ్మం పైన ఒక కర్రకి చీపురు కట్టి వీధిలోకి పొడుచుకొచ్చేలా పెట్టాలి. అది చూసి పరీక్షకులు ముగ్గురు వస్తారు. వాళ్ళు ఇంట్లో అడుగుపెట్టకూడదు, నడివీధిలో నిలబడాలి. లోపలికొస్తే పొయ్యి పక్కన పీట వేస్తారు, పీట వేస్తే మొహమాటం పుడుతుంది, మొహమాటం పుడితే ధర పెరుగుతుంది. అందుకని బంట్రోతు ఒక్కడే లోపలికెళ్ళి, తనకు తోచిన కుండలోంచి ఒక ముంత ముంచి తెస్తాడు. ముగ్గురూ తాగి మొదటి రకమైతే కడవ నాలుగు పెన్నీలు, రెండో రకమైతే మూడు, మూడో రకమైతే రెండు అని చెప్తారు. తలుపు మీద సుద్దతో అన్ని గీతలు గీస్తారు. అసలు పనికిరాదని తేలిందా, ఆ ఏల్‌ని బీదల సత్రానికి పంపేస్తారు. పనికిరానిది బీదలకెలా పనికొస్తుందని నన్నడక్కండి, ఏ దేశంలోనైనా అంతే. ఒకే ఏడాదిలో మూడుసార్లు పనికిరాదని తేలితే కమ్మరి వచ్చి ఆవిడ కాగు అడుగు సుత్తితో పగలగొడతాడు.

వంతెన వీధిలో మొదటి ఇల్లు మారియటది. మొగుడు పోయి ఏడేళ్ళయింది. ఉన్న ఆస్తల్లా అత్తగారిచ్చిన రాగి కాగు ఒక్కటే. ఆ కాగు ఉంటే అన్నం, లేకపోతే సత్రం. అందుకని దాన్ని ఇసకతో తోమి తోమి అద్దంలా పెట్టుకునేది. ఆవిడ ఏల్ చిక్కగా, గోధుమరంగు నురగతో ఉండేది. తాగినవాడు ముందు ఒక నిమిషం మాట్లాడేవాడు కాదు, తరవాత ఇంకో ముంత అడిగేవాడు. అంతటి ఏల్‌కి పరీక్షకులు ఎప్పుడూ మూడు గీతలే గీసేవారు. అదే వీధిలో ఆఖరిది, పన్నెండో ఇంటావిడది, పాత్రలు కడిగిన నీళ్ళకి చెల్లెలు. దానికి ఎప్పుడూ నాలుగు.

ఇందులో లంచం లేదు, కక్ష లేదు. పరీక్షకులు మొదటి ఇంటి దగ్గర పరగడుపున ఉంటారు. ముఖాలు ముడుచుకుని, కాళ్ళు చల్లబడి, లోకం మీద కోపంగా ఉంటారు. పన్నెండో ఇంటికి వచ్చేసరికి ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు చేతులు వేసుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఇంత మంచి ఊళ్ళో పుట్టడం ఏ జన్మ పుణ్యమో అంటూ ఉంటారు. అప్పుడు బురదనీళ్ళు ఇచ్చినా నాలుగు పెన్నీలే.

మారియట నోరున్న మనిషి. అన్నేళ్ళు ఎలా ఓర్చుకుందో గానీ, ఒక రోజు తిన్నగా పట్టణ సభకి వెళ్ళింది. ఆవిడ అడిగింది ఒక్కటే, ఏడాదికోసారైనా పరీక్ష ఆ చివర్నించి మొదలుపెట్టమని. నడిచే దిక్కు మార్చమంది, అంతే. పైసా ఖర్చు లేదు, ఒక్క పూటలో తేలే పని. అంత చిన్న పని ఏ సభ అయినా ఒప్పుకుంటుందా?

పురాధ్యక్షుడు గిల్బర్ట్ పెద్ద పొట్ట మీద అంతకంటే పెద్ద వెండి గొలుసు వేసుకునే మనిషి. ఆయన నోరు తెరిస్తే శాసనం చదువుతున్నట్టే ఉండేది. ఆయన చాలాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించి ఇలా సెలవిచ్చాడు.

“దోషము దిక్కునందు లేదు. పరీక్షకుల కంఠమునందున్నది. మ్రింగుటయే సర్వానర్థములకు మూలము. కావున నేటినుండి పరీక్షకులు రుచి చూడవలెనే గాని మ్రింగరాదు. పుక్కిలించి వీధిలో ఉమియవలెను.”

సభ బల్లలు చరిచింది. మారియట ఇంటికొచ్చి, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని తనలో తాను అనుకుంది. నాలుక నిజంగానే ఊడుతుందని పాపం అప్పటికి తెలీదు.

ఉమియడం మూడు వారాలు నడిచింది. పన్నెండిళ్ళ ముందర ముగ్గురు చొప్పున ఉమిస్తే ఆ ఏల్ ఎక్కడికి పోతుంది? కాలవలోకి పోయింది. కాలవ దగ్గర పందులుంటాయి. ఆ ఊరి పందులు అంతకు ముందు మర్యాదగా బతికేవి. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం వంతెన మీద అడ్డంగా పడుకుని, బళ్ళు వస్తే లేవడం మానేశాయి. ఒకటి ప్రార్థన జరుగుతుండగా చర్చిలోకి వచ్చి పాద్రీ పక్కన నిలబడింది. పైగా ఉమిసినా పరీక్షకులు పన్నెండో ఇంటికి ఎప్పటిలాగే కన్నీళ్ళతో చేరుతున్నారు. పుక్కిలించేటప్పుడు కొంత పొరపాటున జారుతోందని వాళ్ళు విన్నవించుకున్నారు.

సభ మళ్ళీ కూర్చుంది. ఈసారి గిల్బర్ట్ ఇంకా లోతుకు వెళ్ళాడు. ఏల్ అంటే ఇష్టమున్నవాడు ఏల్ విషయంలో నిష్పక్షపాతంగా ఉండలేడని, దొంగని దొంగతనానికి తీర్పరిగా పెట్టనట్టే తాగేవాడిని తాగుడుకి తీర్పరిగా పెట్టకూడదని వివరించాడు. కనక ఏల్ రుచి మీద మమకారం లేనివాణ్ణి వెతకమన్నాడు. వెతికారు. ఊళ్ళో పాలు మానిన పసిబిడ్డతో సహా అందరికీ మమకారమే. చివరికి ఒక్కడు దొరికాడు.

అతని పేరు సైమన్. తోళ్ళు పదునుచేసే పని అతనిది. నలభై ఏళ్ళు తోళ్ళు నానబెట్టే గుంటల కంపులో మునిగి మునిగి ముక్కూ నాలుకా రెండూ చచ్చిపోయాయి. అతనికి తేనె, సున్నం ఒకటే. మనిషి మాత్రం నిక్కచ్చి. అబద్ధం ఆడడు, ఎదటివాడు ఆడితే ఊరుకోడు. తనకి రుచి తెలీదని సైమన్ మొత్తుకుంటే, సరిగ్గా అందుకే నిన్ను పిలిచామని సభ అతని మెడలో పరీక్షకుడి బిళ్ళ వేసింది. పాత ముగ్గురికీ పని పోయింది.

సైమన్ నడివీధిలో నిలబడి మొదటి ముంత నోట్లో పోసుకున్నాడు. పుక్కిలించాడు. ఉమిశాడు. చాలాసేపు ఆలోచించాడు. గుమాస్తా కలం పట్టుకుని వేచి ఉన్నాడు. సైమన్ తనకు తెలిసిన నిజం ఒక్కటే చెప్పాడు.

“తడిగా ఉంది.”

గుమాస్తా అదే రాసుకున్నాడు. పన్నెండిళ్ళ దగ్గరా తడిగానే ఉంది. అన్నిటికీ మూడేసి గీతలు గీశారు. తగువు లేదు, ఏడుపు లేదు, పందులకి మత్తు కూడా తగ్గింది, ఒక్కడు ఉమిసింది ఎంతని? సభ పరవశించిపోయి ఆర్ద్రతా ప్రమాణమని దానికి పేరు పెట్టి చట్టం చేసింది. ఆ పట్టణంలో ఏల్‌కి ఉండవలసిన గుణం తడి. కొలవడానికి ఏటి నీళ్ళు ఒక రాతి జాడీలో పోసి, మైనంతో ముద్రవేసి సభామందిరంలో పెట్టారు. దేన్నైనా దానితో పోల్చి చూడాలి.

ఆడవాళ్ళు చట్టాన్ని చదవరు గానీ అర్థం చేసుకుంటారు. తడే కావాలంటే బార్లీ ఎందుకు తగలెయ్యడం? పన్నెండో ఇంటావిడ ముందు సగం తగ్గించింది. పదకొండో ఆవిడ పావు వేసింది. నెల తిరిగేసరికి వీధిలో ఏల్ అంటే ఏటి నీళ్ళలో బార్లీ పేరు చెప్పి తీసినదే. మారియటకీ ఇరుగుపొరుగు హితబోధ చేశారు, ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు నీకెందుకీ పంతమని. ఆవిడ వినలేదు. ఈ కాగులో ఒట్టి నీళ్ళు కాచే రోజొస్తే అది స్నానానికే అవ్వాలని అత్తగారు పోతూ పోతూ చెప్పిపోయింది. ఎప్పటిలాగే బస్తా బార్లీ పోసి చిక్కగా కాచింది.

సైమన్ వచ్చాడు. పుక్కిలించాడు. ముఖం చిట్లించాడు. రాతి జాడీలోంచి ఒక చుక్క తెప్పించి పోల్చి చూశాడు. అబద్ధమాడని మనిషి కదా, ఉన్నమాట చెప్పాడు. మిగతావాటికంటే ఇది తడి తక్కువ.

చూశారా విడ్డూరం! ఊరికల్లా ఉన్న ఒక్క అసలైన ఏల్, తడి చాలలేదన్న నేరం కింద పనికిరానిదని తేలింది. తలుపు మీద గీతలు చెరిపి పెద్ద సున్నా చుట్టారు. ఒకటో తప్పు. కడవలన్నీ బండికెత్తి బీదల సత్రానికి తోలారు.

సత్రంలో అప్పటికి ఉన్నది ఆరుగురు. అందరికంటే పెద్దది ఎబ్బట్ అవ్వ. వలలు అల్లి అల్లి వేళ్ళు వంకర్లు తిరిగిపోయి, తొమ్మిదేళ్ళ కిందట సత్రం చేరిన మనిషి. సత్రానికి మామూలుగా వచ్చే ఏల్ పులిసి కంపు కొడుతుండేది, ముక్కు మూసుకుని తాగేవారు. ఆ రోజు అవ్వ ఒక గుక్క తాగి ముంత కింద పెట్టి, ఇది పంపినావిడకి పుణ్యముంటుందని దణ్ణం పెట్టింది. ఆ తరవాత ఆరుగురూ సత్రం పెరట్లో చేతులు పట్టుకుని పాడారు. ఆ పాట గోడ దాటింది.

బీదల యోగక్షేమాలు విచారించాలని గిల్బర్ట్‌కి మర్నాడే హఠాత్తుగా తోచింది. సత్రానికి వెళ్ళి, అడుగున మిగిలిన ఒక ముంత విచారించాడు. ఆయన నెల రోజులుగా తడి మాత్రమే తాగుతున్న మనిషి. ఒక నిమిషం మాట్లాడలేదు. తరవాత, పనికిరాని ఏల్‌ని ఆరుగురు ముసలివాళ్ళ మీద రుద్దడం అన్యాయమని, ఆ భారాన్ని పట్టణమంతా పంచుకోవాలని సభలో కన్నీరు పెట్టుకున్నంత పనిచేశాడు.

అలా బీదల జాబితా పుట్టింది. బీదవాడనని, దగ్గర చిల్లి పెన్నీ లేదని ఒట్టు వేసి సంతకం చేసినవాడికి పనికిరాని ఏల్‌లో వాటా. మారియట రెండోసారి కాచింది. సైమన్ మళ్ళీ తడి తక్కువన్నాడు. రెండో తప్పు. ఆ పూట జాబితాలో నలభైమంది బీదలు తేలారు. అందులో సభ్యులు తొమ్మిదిమంది, ఉన్ని వర్తకులు ఆరుగురు, సొంత పడవలున్నవాళ్ళు నలుగురు. గిల్బర్ట్ గొలుసు తీసి ఇంట్లో పెట్టి, గుర్రాలసాలలో వాడే గోనెపట్టా కప్పుకొచ్చాడు. జాబితా చర్మపత్రం ఒకటే కావడంతో నలభై పేర్లతో అది నిండిపోయింది. చేతికర్రలు పట్టుకుని నెమ్మదిగా వచ్చిన సత్రంవాళ్ళ పేర్లకి చోటు చాల్లేదు. కొత్త పత్రం వచ్చాక రాస్తామన్నారు. ఎబ్బట్ అవ్వకి కడవ వాసన దక్కింది.

మారియటకి ఇప్పుడు గుండెల్లో రాయి పడింది. ఇంకొక్క తప్పు, కాగు పోతుంది. కాచడం మానేద్దామంటే గింజలు కొన్న అప్పు ఉంది, పొయ్యి వెలగకపోతే పొట్ట నిండదు. నీళ్ళు కాచి అమ్ముదామంటే చేతులు రావు. రెండు రోజులు పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. మూడో రోజు కళ్ళు తుడుచుకుని, పోతే పోయిందని, ఉన్న బార్లీ అంతా ఒక్కసారే పోసి, పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ కాచనంత బాగా కాచింది. గుమ్మానికి చీపురు కర్ర పెట్టింది.

సైమన్ వచ్చాడు, పుక్కిలించాడు. అతనికీ మనసొప్పడం లేదు, ముఖం చూస్తేనే తెలుస్తోంది. కానీ ఉన్నమాట ఉన్నట్టే చెప్పాడు. తడి ఇంకా తగ్గింది.

చట్టం ప్రకారం ముందు ఏల్ పంచాలి, తరవాత సభ కూర్చుని ఆజ్ఞ ఇవ్వాలి, అప్పుడు కమ్మరి సుత్తి ఎత్తాలి. కొత్త చర్మపత్రాలు మూడు తెచ్చారు. పొద్దున్నించీ ఊరు ఊరంతా ఒట్లు వేస్తూనే ఉంది. కాగు పగిలాక ఇలాంటి ఏల్ మళ్ళీ దొరకదని అందరికీ తెలుసు, అందుకే ఆఖరి వాటా కోసం ఆడా మగా ఒక్కరూ ఇంట్లో ఉండలేదు. సభ్యులందరూ సంతకాలు చేశారు. గుమాస్తా తన పేరు తనే రాసుకుని తనకి తనే ఒట్టు వేసుకున్నాడు. కమ్మరి సుత్తి పక్కన పెట్టి సంతకం చేసొచ్చాడు. మారియట గుమ్మం ముందు చిరుగుబట్టల బీదలు వంతెన దాకా బారు తీరారు. కొందరు చిరుగులు ఆ పొద్దున్నే కత్తెరతో పెట్టుకున్నారు.

గిల్బర్ట్ గోనెపట్టా సర్దుకుని, ముందు పంపకం కానిమ్మన్నాడు. మారియట కాగు ముందు చేతులు చాచి నిలబడింది. 

“పంచుకోండి బాబూ, కాదన్నానా? కానీ తరవాత కాగు పగలగొట్టమని చెప్పేదెవరు? బీదనని సంతకం పెట్టి బిచ్చం పుచ్చుకున్నోడు సభలో కూచోకూడదని రాజుగారిచ్చిన ఊరి పట్టాలోనే ఉందిగా. నాకు బాగా తెల్సు. ఆ కరువేడు మా ఆయన సత్రంలో సంతకం పెట్టి ఒక్క రొట్టె ముక్క తీసుకున్నాడని మీరే చెయ్యి పట్టుకుని సభలోంచి లేపేశారు. ఆ బెంగతోనే పోయాడు.”

 గుమాస్తా పట్టణ పట్టా తెప్పించి చదివాడు. ఉన్నమాటే. బీదనని ఒట్టు వేసి సంతకం చేసినవాడు పౌరుడు కాడు, సభ్యుడు కాడు, ఆజ్ఞ ఇవ్వలేడు. సభ కూర్చోవాలంటే జాబితాలో లేనివాళ్ళు కనీసం ఇద్దరు కావాలి. ఆ మాట వినగానే ఊరు ఊరంతా ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుంది.

సైమన్ ఒకడు దొరికాడు. ఏల్ కోసం ఒట్టు వెయ్యవలసిన అవసరం అతనికేముంది? రెండోవాడి కోసం గుమాస్తా నాలుగు పత్రాలూ పైనుంచి కిందికి చదివాడు. ఇన్వర్‌మకిల్‌లో పెద్దవాళ్ళందరూ బీదలే. చివరికి బారుకి ఆ చివర, చేతికర్ర మీద వాలి నిలబడ్డ ఎబ్బట్ అవ్వ కనిపించింది. అవ్వ పేరు ఏ పత్రంలోనూ లేదు. మూడు కొత్త పత్రాలు తెచ్చినా అవ్వ వంతు రాలేదు. సత్రంలో మిగతా అయిదుగురూ పోయినసారి ఒట్టి చేతులతో తిరిగెళ్ళిన విసుగులో రానేలేదు. తన ఏల్‌కి తనే ధర కట్టుకోకూడదు గనక మారియట లెక్కలోకి రాదు. చట్టం ప్రకారం చూస్తే సైమన్ కాక అక్కడ బీద కానిది అవ్వ ఒక్కతే.

కుర్చీ తెచ్చి వీధిలో వేశారు. అవ్వని ఎత్తి కూచోబెడితే కాళ్ళు నేలకి అందలేదు. సైమన్ పక్కన నిలబడి, ఊరంతా వినేలా చెప్పాడు.

“నా నాలిక సంగతి తెలుసుగా అవ్వా. తడెంతుందో చెప్పమన్నారు, చెప్పాను. బాగుందో లేదో నన్నెవరూ అడగలేదు. అడిగినా నాకు తెలీదు. నువ్వు చెప్పు.”

బంట్రోతు ముంత తెచ్చిచ్చాడు. అవ్వ పుక్కిలించలేదు. వంకర వేళ్ళతో రెండు చేతులా పట్టుకుని మింగడం మొదలుపెట్టింది. మింగకూడదని గుమాస్తా గొణిగితే, బీదవాళ్ళు సభలో మాట్లాడకూడదని సైమన్ కసిరాడు. అవ్వ ముంత ఖాళీ అయ్యేదాకా దించలేదు. మారియట కళ్ళు అవ్వ పెదాల మీదే ఉన్నాయి. 

గిల్బర్ట్ కుర్చీ దగ్గరికి వంగి, అవ్వ చెవిలో మెల్లగా హితవు చెప్పబోయాడు. ఇది మంచిదని తేలితే బీదల వాటా ఉండదనీ, సత్రానికి చుక్క రాదనీ, బాగా ఆలోచించుకోమనీ అన్నాడు. అవ్వ మూతి తుడుచుకుంది.

“పోయినసారి నాకేం దక్కింది బాబూ? ఈ ఏలు బాగుంది. కడవ నాలుగు పెన్నీలు.”

సైమన్ సుద్దముక్క తీసుకుని తలుపు మీద సున్నా చెరిపి నాలుగు గీతలు గీశాడు. మారియట అక్కడే గుమ్మంలో చతికిలబడి, కాగుని రెండు చేతులా పట్టుకుని పసిపిల్లలా ఏడ్చేసింది.

తరవాత జరిగింది చెప్పాలంటే నవ్వాగదు. మంచి ఏల్ అమ్మకానికి ఉంది, ముందర ఊరంతా బారు తీరి ఉంది, ఎవడి దగ్గరా చిల్లి పెన్నీ లేదని పొద్దున్నే ఒట్టు వేశారు. నురగ వాసన వీధంతా కమ్మేసింది. గిల్బర్ట్ కాసేపు ఓర్చుకుని, గోనెపట్టా లోంచి నాలుగు పెన్నీలు తీశాడు. ఎక్కడివని మారియట నిలదీస్తే, బిచ్చమెత్తానన్నాడు. ఎవరు వేశారంటే వెనకవాణ్ణి చూపించాడు. వెనకవాడు తన నాలుగు పెన్నీలు తన వెనకవాడు వేశాడన్నాడు. అలా వంతెన దాకా ప్రతివాడూ తన వెనకవాడి దయవల్ల కలవాడయ్యాడు. అంత దానగుణం ఆ దేశంలో మరే పట్టణంలోనూ ఉండి ఉండదు. మధ్యాహ్నానికి కాగు ఖాళీ అయింది. సత్రానికి ఒక కడవ మారియట తనే మోసుకెళ్ళి ఇచ్చింది, డబ్బు పుచ్చుకోలేదు.

ఇక జాబితాలోంచి పేరు కొట్టేయించుకోవాలంటే సభకి అర్జీ పెట్టుకోవాలి. సభ అంటే సైమన్, అధ్యక్షురాలిగా అవ్వ. సైమన్ ఒక్కొక్క అర్జీ అక్షరం అక్షరం విచారించేవాడు. అవ్వ సభ కూర్చునేది మారియట ఏల్ కాచిన రోజునే, ధర కట్టే పని ముందు, మిగతావి తరవాత. గిల్బర్ట్ వంతు వచ్చేసరికి చలికాలం సగం గడిచింది. అప్పటిదాకా అధ్యక్షుడికని పట్టణం ఇచ్చే ఇల్లు అధ్యక్షురాలికే గనక, బీదవాడాయన సత్రంలో అవ్వ ఖాళీ చేసిన మంచం మీద పడుకున్నాడు.

ఆ మంచము మిక్కిలి కురచగానున్నదనియు, పాదములు శీతలవాయువునకు బహిర్గతమగుచున్నవనియు ఆయన ఒక ఫిర్యాదు రాసి పంపాడు. సైమన్ దాన్ని గట్టిగా చదివి వినిపించాడు. అవ్వ ఆయన పాత కుర్చీలో కూచుని శ్రద్ధగా విన్నది.

“తొమ్మిదేళ్ళు పడుకున్నా కదా, నాకు తెల్సు” అంది. “కాళ్ళు ముడుచుకోమను, సరిపోద్ది.”